నీళ్ల వాసన చూసి రంగు పేరు చెప్పిన కాక

కాక పోయిండన్న ఖబర్ వచ్చినప్పుడు నా చేతుల మైకు ఉంది. షోలాపూర్ జోడ్‌భావి పేట్‌ల మా పర్యావరణ మండలి ఏటేటా పెట్టే మట్టి గణపతుల శిబిరం అది. బడి పిల్లలు చాపల మీద వరుసగ కూసొని మట్టి పిసుకుతున్నరు. తొండం విరగకుండ ఎట్ల అతికియ్యాలెనో నేను చెప్తున్న. మా ఆయన ఫోన్ చేసిండు. రెండుసార్లు కట్ చేసిన. మూడోసారి మెసేజ్ పెట్టిండు. "కాక పోయిండు. పది నిమిషాలైతుంది."

మైకు మీద అరచెయ్యి అడ్డం పెట్టి పక్కనున్న మా అధ్యక్షునికి చెప్పిన. ఆయన వకీలు. అందరం వకీలు సాబ్ అనే పిలుస్తం. ఆయన జర సేపు కండ్లు మూసుకున్నడు. పిల్లలు మంచి జోరు మీదున్నరని, పెద్దమనుషులు వచ్చి ఉన్నరని, కార్యక్రమం అయిపోయినంక అందరం కలిసి పోదామని అన్నడు. నేను సరేనన్న. మళ్ల తొండం కాడి నుంచి మొదలుపెట్టిన. బహుమతులు ఇచ్చినం. ఫోటోలు దిగినం. ధన్యవాదాలు చెప్పినం. చేతులకంటిన మట్టి కడుక్కొని గల్లీకి పోయేసరికి కాకను తీసుకపోయిండ్రు. ఇంటి ముంగట నీళ్లు పోసి కడిగిన తడి ఉంది. అది సుత సగం ఆరింది.

ఈ ఏటి మండలి సంచికల కాక మీద ఒక పేజీ రాయమని వకీలు సాబే నన్ను అడిగిండు. నీకు దగ్గరి మనిషి, నువ్వు రాస్తేనే మంచిగుంటది అన్నడు. ఇది ఒక పేజీల ఒడిసేది కాదు. చదివినంక అచ్చేస్తరో పక్కకు పడేస్తరో నాకు తెల్వదు. కాక సంగతి మొదటి నుంచి ఎరుకైన మనిషిని నేనే. నేను చెప్పకుంటే చెప్పేటోళ్లు లేరు.

కాకకు నాకు రక్తసంబంధం లేదు. నేను పుట్టిన ఇల్లు, పెండ్లై పోయిన ఇల్లు ఒకే గల్లీల ఉన్నయ్. రెండింటి నడుమ కాక ఇల్లు. నాకు నడక రానప్పటి నుంచి ఆయన కాకే, ఆయన పెండ్లాం చిన్నమ్మే. చిన్నమ్మ బీడీలు చేస్తది. కాక నూలుకు రంగులేసే పెద్ద కార్ఖానాల ముప్పై ఏండ్లు పని చేసిండు. షోలాపూర్ చద్దర్లల్ల, టవల్లల్ల మీరు చూసే ఎరుపు, నీలం, నలుపుల ఎంతో కొంత ఆయన చేతుల మీదుగ పోయిందే ఉంటది. అయినా ఆయన రంగుబట్ట కట్టంగ నేను చూడలే. తెల్ల ధోతి, తెల్ల అంగి. పొద్దంత రంగుల్నే ఉంటి గద, ఇంటికొచ్చినంక సుత ఎందుకు అంటుండె.

ఆయనకొక అలవాటు ఉండె. నీళ్లు తాగే ముందు గ్లాసు ముక్కు కాడ పెట్టుకుంటడు. పెండ్లిళ్లల్ల సుత అంతే. పెండ్లోళ్లు చిన్నబుచ్చుకుంటుండ్రి. చిన్నమ్మ మోచేతితోటి పొడుస్తుండె. ఆయన మాత్రం వాసన చూసి, తలూపి, అప్పుడు తాగుతుండె. మేం చిన్నగున్నప్పుడు ఆ తలూపుడును నకలు చేసి నవ్వుకుంటుంటిమి.

నా బిడ్డకు ఆరేండ్లప్పుడు మోచేతుల మీద, మోకాళ్ల ఎనక పుండ్లు లేచినయ్. డాక్టర్ ఇచ్చిన మలాం రాస్తే తగ్గేటివి, వారానికి మళ్ల లేచేటివి. వేరే పిల్లలకు అంటుతదని బడి నుంచి ఇంటికి పంపిండ్రు. మా దిక్కు నల్లా నాలుగు దినాలకోసారి వస్తది. ఆ నీళ్లు తాగనీకి, వండనీకే చాలవు. స్నానాలకు, బట్టలకు గల్లీల ఉన్న బోరు నీళ్లే గతి. ఒకనాడు పొద్దుగాల పిల్లకు స్నానం పోస్తుంటే కాక అటు నుంచి పోతూ ఆగిండు. బకెట్ల చెయ్యి ముంచి, దోసిట్ల నీళ్లు ముక్కు కాడ పెట్టుకున్నడు. చాన సేపు అట్లనే ఉన్నడు.

"మొన్న నూలుకు నలుపు రంగేసిండ్రు," అన్నడు. "నలుపుకు కుళ్లిన కోడిగుడ్డు వాసనుంటది. ఎనక సోడ పోసి కుండీలు కడిగిండ్రు."

నీకెట్ల ఎరుక కాకా అని అడిగిన.

"ముప్పై ఏండ్లు నేనే పోసిన గద బిడ్డ. కార్ఖానా ఎనక గోడ కింద ఒక బండ ఉంది. బండ లేపితే పాత మోరీ. అండ్ల పోస్తే ఎటువోతదని మేం ఎన్నడు అడగలే. కంటికి కనబడకుంట పోయింది, చాలనుకున్నం."

ఆయన పిల్ల మోచెయ్యి పట్టుకొని తిప్పి చూసిండు. ఎనకకు తిరిగి ఇంటికి పోయిండు. తెల్లారి నుంచి తన ఇంట్ల పట్టిపెట్టుకున్న నల్లా నీళ్లల్ల నుంచి ఒక బిందె తెచ్చి మా వాకిట్ల పెట్టుడు మొదలుపెట్టిండు, పిల్ల స్నానానికని. వాళ్లకే సరిపోవని నాకు తెల్సు. వద్దంటే వినలే. చిన్నమ్మ మాత్రం నాతోటి వారం దినాలు మాట్లాడలే.

ఆ నెలల్నే కాక మా మండలిల చేరిండు. మండలంటే పెద్దదేం కాదు. ఇరవై ముప్పై మందిమి. ఇంట్ల మిషన్ మీద బడి యూనిఫారాలు కుట్టే నేను దానికి కార్యదర్శిని. ఎండకాలం గోడల మీద పిట్టలకు నీళ్ల మూకుళ్లు పెడ్తం. వానకాలం మొక్కలు నాటుతం. మగ్గాల కాడ మిగిలిన పీలికలతోటి సంచులు కుట్టి బజార్ల పంచుతం. పాత బావిల చెత్త తీస్తం. మాలాంటోళ్లం కార్యక్రమం నాడు వస్తం, కాక కార్యక్రమం తెల్లారి వస్తుండె. మూకుడు పెట్టుడు ఒక్కనాటి పని. దాన్ల నీళ్లు నింపుడు ఎండకాలమంత పని. గల్లీ గల్లీ తిరిగి ఆయనే నింపుతుండె. ఆ నీళ్లు సుత వాసన చూసే నింపుతుండె. ఎవరన్న నవ్వితే, పిట్టకు చెప్పనీకి రాదు, మనమే చూడాలె అంటుండె.

మొక్క నాటే ముందు చేతులు సబ్బుతోటి రెండుసార్లు కడుక్కుంటుండె. మట్టిల పెట్టే చేతులు కడుగుడెందుకని ఒకసారి అడిగిన. ముప్పై ఏండ్ల చేతులు బిడ్డ, ఏమంటుకొని ఉందో అన్నడు.

మట్టి గణపతులకు రంగులు చేసుడు పిల్లలకు ఆయనే నేర్పిండు. పసుపు, గేరు అనే ఎర్రమట్టి, బీట్‌రూట్ రసం. రంగు ఎట్ల పట్టాలె, ఎండల పెడితే ఎంత తగ్గుతది, అన్ని చెప్తుండె. మొదటి ఏడు పసుపు నీళ్లు గిన్నెల కలిపి, పిల్లలందరు చూస్తుంటే గటగట తాగిండు. మూతికి పచ్చగ అంటింది. "ఇగో, తాగే రంగు. నా ముప్పై ఏండ్లల్ల ఒక్కటి సుత తాగేది లేకుండె," అన్నడు. పిల్లలు పడిపడి నవ్విండ్రు. ఆయన అంత సంతోషంగ ఉండంగ నేను మళ్ల చూడలే.

మరుసటి ఎండకాలం పాత బావి కాడ బావి పండుగని ఒక పెద్ద కార్యక్రమం పెట్టాలనుకున్నం. బడి పిల్లలు, పేపరోళ్లు, అధికారులు వస్తరు. మూడు చోట్ల బోరు నీళ్లు మూడు గాజు సీసాలల్ల పెడితే, కాక వాసన చూసి ఏ రంగు కలిసిందో చెప్పాలె. పిల్లలకు అదొక తమాష. కరపత్రంల అంతే రాసినం. గని కాకను నేను చాటుగ ఇంకోటి అడిగిన. గోడ కింద బండ సంగతి సుత అక్కడ చెప్పమన్న.

ఆయన వద్దన్నడు. నా అల్లుడు అదే కార్ఖానాల ఉన్నడు, మన గల్లీల సగం మంది కూడు అండ్లనే ఉంది అన్నడు. నేను వదలలే. రెండు నెలలు వెంబడి పడ్డ. నా బిడ్డ చేతులు చూపించిన, ఒక్కసారి కాదు. పుండ్లు పచ్చిగున్న రోజు చూసి పిల్లను ఆయన ముంగట నిలబెట్టిన. ఆఖరికి ఒక మాటన్న.

"మేమంత నీ ఎనక నిలబడ్తం కాకా. నీ మీద మాట పడనియ్యం."

మేమంత అన్న మాట నేను ఎవ్వరిని అడిగి అనలే.

ఆ రోజు కాక ఇస్త్రీ అంగి తొడుక్కొని వచ్చిండు. మొదటి సీసా వాసన చూసి నీలం అన్నడు. రెండోది చూసి ఎరుపు అన్నడు. చూస్తే నీళ్లు తేటగనే ఉన్నయ్. పిల్లలు చప్పట్లు కొట్టిండ్రు. మూడోది చాన సేపు పట్టుకొని నలుపు అన్నడు. మళ్ల చప్పట్లు. కాక సీసా కింద పెట్టి మైకు అందుకున్నడు. నేను రాసిచ్చిన కాగితం జేబుల్నే ఉంచిండు.

"చప్పట్లు కొట్టకుండ్రి," అన్నడు. "ఈ రంగులు నేను పోసినయే. ముప్పై ఏండ్లు పోసిన, గోడ కింద బండ లేపి పోసిన. ఇప్పుడు వేరేటోళ్లు పోస్తున్నరు. వాళ్లను ఏమనకుండ్రి, పోయమంటె పోస్తరు. ఆ బండ తీసి చూడుండ్రి."

అంతే మాట్లాడిండు. దిగి వచ్చి నా పక్కన కూసున్నడు.

నాలుగు దినాలకు అధికారులు వచ్చి బండ లేపిండ్రు. కార్ఖానాకు సీలు పడ్డది. రంగు నూలు ఆగితే దాని మీద నడిచే మగ్గాలు ఆగినయ్. మా బావ, అంటే మా ఆయన అన్న, ఆ కార్ఖానాల్నే కుండీల కాడ పని చేస్తుండె. ఆయన ఇంట్ల కూసున్నడు. కాక అల్లుడు ఇంట్ల కూసున్నడు. పట్టపగలు మగోళ్లు వరుసగ మెట్ల మీద కూసొని ఉండుడు మా గల్లీల అప్పుడే చూసిన. వాళ్ల ముంగట నుంచి కాక మూకుళ్లకు నీళ్లు మోసుకుంట పోతుండె. ఎవ్వరు ఏమనలే. నాలుగైదు దినాలకు ఆడోళ్లు గోడల మీది మూకుళ్లన్ని బోర్లేసిండ్రు. ఎండకాలం ఇంక ఒడువలే. మా అత్త సుత బోర్లేసింది. నేను చూసి ఊకున్న.

కులపెద్దలు మమ్మల్ని పిలిచిండ్రు, వకీలు సాబ్‌ను, నన్ను. ముసలాయనను ఎవరు మాట్లాడిపిచ్చిండ్రని అడిగిండ్రు. వకీలు సాబ్‌కు నిజంగనే తెల్వదు. ఆయన నా దిక్కు చూసిండు. ఎదురుంగ వరుసల మా బావ కూసొని ఉన్నడు. ఆయన సుత నా దిక్కే చూస్తున్నడు.

"మేమెవ్వరం చెప్పలే," అన్న. "వాసన చూడుమన్నం, అంతే. కడమది ఆయనంతట ఆయనే మాట్లాడిండు."

అంత అల్కగ వచ్చింది ఆ మాట. తడబడలే సుత.

పెద్దలు లేచి అటు నుంచే కాక ఇంటికి పోయిండ్రు. ఆయన సుత అదే చెప్పిండట. నన్నెవ్వరు అడగలే, నాకే అనిపించి లేచిన అన్నడట. మా ఆయన వచ్చి ఆ సంగతి చెప్తే నాకు పోయిన పానం తిరిగొచ్చినట్టైంది. కాక నన్ను కాపాడిండు, నేనేం చెప్పిన్నో ఆయనకు తెల్వదు అనుకున్న. ఈ నాలుగేండ్లు అట్లనే అనుకున్న.

వెలి అన్న మాట ఎవ్వరు అనలే. అట్లంటే కానూన్‌ల గున్హ, కేసైతదని అందరికి ఎరుకే. ఊకె పిలుసుడు బంద్ చేసిండ్రు. పెండ్లి పత్రికలు ఆ ఒక్క ఇల్లు దాటి పోయినయ్. నల్లా కాడ చిన్నమ్మ బిందె పెడితే మాటలు ఆగుతుండె. శ్రావణ పున్నమికి మా కులదైవం మార్కండేయుని రథం ఎల్లేనాడు జంధ్యం మార్చుకొని, చేతికి నూలుపోగు కట్టిచ్చుకునుడు రివాజు. ఆ ఏడు గల్లీ పందిట్ల కాక సుత చెయ్యి చాపి వరుసల నిలబడ్డడు. కట్టే పెద్దాయన కాక కాడికి వచ్చేసరికి దారం ఒడిసిందని లోపలికి పోయిండు. నేసి బతికే కులం మాది, దారం ఒడిసిందట. కాక చెయ్యి దించుకొని పక్కకు జరిగినంక ఆయన మళ్ల వచ్చిండు. ఎనకున్నోళ్లకు అందరికి దొరికింది. నేను ఆడోళ్ల వరుసల నుంచి చూసిన.

ఆరేడు నెలలకు కార్ఖానా తెరిచిండ్రు. నీళ్లు శుద్ధి చేసే కుండీలు కట్టిండ్రు. బోరు నీళ్ల వాసన పోయింది. నా బిడ్డ పుండ్లు మానినయ్, మచ్చలు సుత పోయినయ్. అందరిని మళ్ల పనిల పెట్టుకున్నరు, మా బావను సుత. ఒక్క కాక అల్లుణ్ని తప్ప. కారణం ఎవ్వరు చెప్పలే, ఆయన అడగలే. ఇప్పుడు మార్కెట్ల బస్తాలు మోస్తడు.

అల్లుడు చెడ్డోడేం కాదు. అప్పటి దాక కాకను తండ్రి లెక్క చూసిండు. బస్తాలు మోసుడు మొదలైనంక పెండ్లానికి ఒక్కటే మాట చెప్పిండు. ఆ ఇంటి గడప తొక్కితే మళ్ల ఈ ఇంటికి రావద్దన్నడు. కాకకు ఆమె ఒక్కతే బిడ్డ. బీడీ పనోళ్ల కోసం కట్టిన విడీ ఘర్కుల్‌ల ఉంటది. అక్కడి ఆడోళ్లందరి లెక్కనే వాకిట్ల కూసొని బీడీలు చేస్తది.

తర్వాతి వానకాలం మా మండలి విడీ ఘర్కుల్‌ల మొక్కలు నాటింది. నీళ్లు ఎవరు పోస్తరంటే కాక చెయ్యెత్తిండు. సైకిల్‌కు రెండు క్యాన్లు కట్టుకొని వారానికి మూడుసార్లు పోతుండె. నెత్తి మీద మండలి ఆకుపచ్చ టోపీ. ఆ టోపీ ఉన్నంత సేపు అల్లుడు ఏమనకపోతుండె. మండలి మనిషి రోడ్డు మీది చెట్టుకు నీళ్లు పోస్తుంటే ఏమంటడు. కాక వరుస మొదటి నుంచి పోసుకుంట వచ్చి, బిడ్డ ఇంటి ఎదురుంగ ఉన్న వేప మొక్క కాడ ఆగుతుండె. గొంతుక్కూసొని పాదు సరిచేసి మెల్లగ పోస్తుండె. బిడ్డ తలెత్తకుండ బీడీలు చుడుతుండె. ఇద్దరు మాట్లాడుకోకపోతుండ్రి. ఆ వరుసల అన్ని మొక్కలు బతికినయ్. అదొక్కటి నీళ్లెక్కువై, వేరు కుళ్లి చచ్చిపోయింది. కాక ఇంకోటి తెచ్చి నాటిండు. ఈసారి నీళ్లు తక్కువ పోసుకుంట ఎక్కువ సేపు కూసుంటుండె.

ఒకసారి నేను మండలి పని మీద పోయి ఇది నా కండ్లతోటి చూసిన. వాపస్ వచ్చేటప్పుడు సైకిల్ పట్టుకొని ఇద్దరం నడిసినం. బిడ్డ చిక్కిపోయింది గద అన్నడు. లేదు కాకా, మంచిగనే ఉంది అన్న. "బీడీల మీద వేళ్లు మాత్రం మస్తు జోరుగ పోతున్నయ్. వాళ్లమ్మ వేళ్లే," అన్నడు. కొంతం చౌక్ దాక సైకిల్ ఎక్కకుండ నాతోటి నడిసే వచ్చిండు.

మూడో ఏడు కార్ఖానా మాలక్ మా మండలికి సాయం చేస్తనని వచ్చిండు. బ్యానర్లు, కొత్త టోపీలు, మొక్కలకు నీళ్ల ట్యాంకర్ ఇస్తనన్నడు. మావోళ్లు సంబరపడ్డరు. నేను సుత పడ్డ. మాలక్ షరతేం పెట్టలే. కార్యక్రమాలల్ల ఆ ముసలాయన కనబడితే తన పనోళ్లు బాధపడ్తరని మాత్రం అన్నడు. కాకకు చెప్పే పని వకీలు సాబ్ నాకు అప్పజెప్పిండు. నీ మాటంటే వింటడు అన్నడు.

నేను పోయేసరికి కాక మెట్ల మీద కూసొని సైకిల్ చెయిన్‌కు నూనె పెడుతున్నడు. నేను నిలబడే చెప్పిన. వయసు పైబడ్డది, ఎండల తిరగొద్దు, జర ఆరాం చెయ్యి అని మొదలుపెట్టి, టోపీ వాపస్ ఇమ్మన్నరు అని ముగించిన.

"మరి చెట్లకు నీళ్లు?" అన్నడు.

"ట్యాంకర్ వస్తది కాకా."

ఆయన గుడ్డతోటి ఒక్కొక్క వేలు తుడుచుకున్నడు. "ట్యాంకరాయన చెట్టు చెట్టు కాడ ఆగుతడా, నడుపుకుంటనే పోస్తడా?"

నడుపుకుంటనే పోస్తడని నాకు తెల్సు. ఆగుతడని చెప్పిన. కాక లోపలికి పోయి టోపీ తెచ్చిండు. ఉతికి మడత పెట్టి ఉంది. నా చేతుల పెట్టి, నువ్వు ఫికర్ చెయ్యకు బిడ్డ అన్నడు. నా మొకం చూసి అట్లన్నడేమో.

టోపీ లేకుండ ఒక్కసారి పోయిండు. అల్లుడు ఇంట్లనే ఉన్నడట. బయటికి వచ్చి రెండు క్యాన్లు ఎత్తి రోడ్డు మీద గుమ్మరిచ్చిండట. మొక్కకు జానెడు దూరంల. కాక ఖాళీ క్యాన్లు సైకిల్‌కు కట్టుకొని వచ్చిండు. ఘర్కుల్ ఆడోళ్లు చెప్తే నాకు తెల్సింది. ఆయన చెప్పలే.

నిరుడు మండలి మా గల్లీల్నే ఆరోగ్య శిబిరం పెట్టింది. రంగు పనోళ్లకు వచ్చే జబ్బుల పరీక్ష. కాక ఎదురింటి మెట్ల మీద కూసొని చూస్తున్నడు. ఆయనకు మూత్రంల నెత్తురు పోతున్నదని చిన్నమ్మ అంతకు ముందే నా చెవుల వేసింది. రిబ్బన్ కత్తిరించనీకి మాలక్ వచ్చి ఉన్నడు. ఆయన పోయినంక కాకను పిలుద్దామనుకున్న. ఆయన పోయేసరికి డాక్టర్లు సామాన్లు సర్దుకున్నరు. మా టేబుల్‌కు ఆ మెట్లకు నడుమ పది అడుగులు ఉండవు. ఎనక దవాఖాన్ల చూపిస్తే, ఏడాది ముందు తెచ్చి ఉంటే ఏదన్న చేసేటోళ్లం అన్నరు.

ఆఖరి దినాలల్ల ఒకనాడు పోయి మంచం పక్కన కూసున్న. అన్ని చెప్పేద్దామనే పోయిన. ఆయనే ముందు నా బిడ్డ చేతులెట్లున్నయని అడిగిండు. మంచిగున్నయ్ కాకా, ఇప్పుడు మెహందీ పెట్టుకొని తిరుగుతున్నది అన్న. ఆయన నవ్విండు. "రంగు ఎక్కుడు అల్క బిడ్డ. ఒదులుడే కష్టం," అన్నడు. నేను చెప్పాలనుకున్నది చెప్పలే. నీళ్లు అడిగితే గ్లాసు అందించిన. వాసన చూడకుండ తాగిండు. ఇగ ఎక్కువ దినాలు ఉండడని నాకు అప్పుడే తెల్సింది.

కాకను తీసుకపోతుంటే ఎనక పది మంది సుత లేరట. భుజం మార్చుకొనీకి మనుషులు చాలకపోతే మా ఆయన మొత్తం దారి మోసిండు. తర్వాతి ముచ్చట ఆయన చెప్పిందే. కొంతం చౌక్ కాడ కాక బిడ్డ రోడ్డు పక్కన నిలబడి ఉంది. మొగడు ఆ ఇంటికి పోవద్దన్నడు గని చౌక్‌కు పోవద్దనలే. పాడె దగ్గరికొచ్చినా ఆమె ముందుకు రాలే, ఏడ్వలే. అంతల బండ్లు అడ్డమొచ్చి పాడె ఆగింది. అప్పుడు ఒక్క అడుగు వేసి, కప్పిన బట్ట అంచు పట్టుకున్నది. బండ్లు కదిలినయ్. విడిచిపెట్టింది.

వారానికి జరిగిన కార్యక్రమంల మండలి కాక కోసం మౌనం పాటించింది. ఎనక బ్యానర్ మీద మాలక్ ఫోటో ఉంది. మౌనం అయిపోయినంక వకీలు సాబ్ కాకను పర్యావరణ యోధుడు అన్నడు. అందరు చప్పట్లు కొట్టిండ్రు. నేను సుత కొట్టిన. చేతులు వాటంతట అవే కొడతయ్.

దినాలు అయిపోయినంక ఒక పొద్దుగాల చిన్నమ్మ కాడికి పోయిన. వాకిట్ల చాట ముంగటేసుకొని బీడీలు చేస్తున్నది. కూసొని అంత చెప్పిన. బావి పండుగల మాట్లాడమని నేనే వెంబడి పడ్డది, పెద్దల ముంగట నేను అన్నది, టోపీ, శిబిరం, అన్ని. చిన్నమ్మ చేతులు ఆగలే. ఆకుల తంబాకు పెడ్తున్నది, చుడ్తున్నది, దారం కడ్తున్నది.

"ఎరుకే," అన్నది.

ఏం ఎరుక చిన్నమ్మా అన్న.

"పెద్దలు వచ్చిన్నాడే ఎరుక. ఆ పిల్ల మేం అడగలే అంటున్నది, నువ్వేమంటవని మా ఇంట్ల నిలబడి అడిగిండ్రు. నేను పక్కనే ఉన్న. మీ కాక జర సేపు నేలకు చూసిండు. అవ్, నిజమే చెప్పింది అన్నడు."

నన్నేమన్నడని అడిగిన.

"ఏమనలే. దానికి చిన్న పిల్ల ఉంది అన్నడు." దారం పంటితోటి తెంపింది. "నేనన్న. నాలుగేండ్లు అన్న. వినలే."

నాలుగేండ్లు కాక నా మొకం చూసి బిడ్డా అనే పిలిచిండు. ఒక్కసారన్న ఆ పిలుపు మారిందా అని గుర్తు చేసుకుందామంటే ఒక్కటి సుత దొరకలే.

పక్కన తడిగుడ్డల చుట్టిన తునికాకు, కత్తెర, కొలతకు రేకు ముక్క ఉన్నయ్. నేను కత్తెర తీసుకొని, ఆకు మీద రేకు పెట్టి కత్తిరించుడు మొదలుపెట్టిన. చిన్నమ్మ వద్దనలే. బట్ట కత్తిరించుడు నాకు ఇరవై ఏండ్ల పని, ఆకు కత్తిరించుడు రాదు. ఈనె ఎటుండాలెనో తెల్వదు. నేను కత్తిరించిన ఆకు ఒక్కొక్కటి ఆమె తీసుకుంటున్నది, వెలుతురుకు పట్టి చూస్తున్నది, చెత్తల పెడ్తున్నది. కోపం లేదు. కార్ఖానాల చెడ్డ బీడీలు ఏరి పక్కకేసేటోళ్ల లెక్క, ఒక్కటొక్కటే చూసి పెడ్తున్నది. నేను ఇంకొక ఆకు తీసుకొని రేకు పెట్టిన.